తిరగలి పట్టుకెళ్లండి: తొమ్మిదో తరగతికి పోలండ్ పల్లెల పాఠం

తొమ్మిదో తరగతి సోషల్‌లో నాజీజం పాఠం ఉంది కదా, అందులో పోలండ్ వాటా ఒక్క పేరా. జర్మనీ ఆక్రమించింది, ముక్కలు చేసింది, జనాన్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టింది. అంతే. చదివించి, రెండు పదాల కింద గీత గీయించి తర్వాతి పేరాలోకి పోతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే పోయాను. మాది కందుకూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. పిల్లలంతా పొగాకు, కంది, శనగ వేసే ఇళ్ల నుంచో, ఆ చేలల్లో కూలికి పోయే ఇళ్ల నుంచో వచ్చేవాళ్లే. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు లేచి, "ఇళ్లలోంచి వెళ్లగొడితే వాళ్లు యాడికి పోయినారు టీచర్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "సిలబస్‌లో లేదు నాన్నా, కూర్చో" అన్నాను. ఆ వేసవి సెలవులంతా ఆ మాట నన్ను పీకుతూనే ఉంది.

ఆ పేరాని రెండు పీరియడ్లలో ఎలా చెప్పాలో, చెప్పేటప్పుడు నేను ఎక్కడెక్కడ పప్పులో కాలేశానో రాస్తున్నాను. సోషల్ చెప్పే కొత్త టీచర్లకు పనికొస్తుందని.

ముందు చెడగొట్టిన సంగతి

మొదటి ఏడాది అంకెలు చెప్పాను. యుద్ధంలో చనిపోయిన పోలండ్ పౌరులు సుమారు 60 లక్షలు, అందులో సగం మంది యూదులు. జర్మన్లు శిక్షగా తగలబెట్టి, జనాన్ని చంపిన పల్లెలు 800 పైన. బోర్డు మీద రాస్తుంటే పిల్లలు శ్రద్ధగా ఎక్కించుకున్నారు. చివర్లో ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఏదో మనసు కదిలించే ప్రశ్న అనుకున్నా. "ఇది బిట్లో వస్తదా టీచర్?"

రెండో ఏడాది అతి తెలివికి పోయాను. క్లాసుని రెండు జట్లు చేసి, కొందరు జర్మన్ పోలీసులు, కొందరు ఊరివాళ్లు అని నాటిక వేయించాను. పోలీసు వేషం వేసిన కుర్రాడికి స్కేలు చేతికిచ్చానో లేదో, వాడు ఎక్కడా లేని హుషారుతో అరవడం మొదలెట్టాడు. ఊరివాళ్లుగా గోడకి నిలబడ్డ వాళ్లలో సగం మంది కిసకిసా నవ్వుతున్నారు. ఒక్కమ్మాయి మాత్రం నిజంగానే వణుకుతోంది. అక్కడే ఆపేశాను. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: ఈ పాఠానికి నాటిక వద్దు. చంపేవాడి వేషం పిల్లలకు సరదాగా ఉంటుంది, చచ్చేవాడి వేషం నవ్వులాట అవుతుంది. తప్పు వాళ్లది కాదు, స్కేలు ఇచ్చిన మనది.

ఒక్క ఊరు చాలు

800 ఊళ్లు ఎవరి బుర్రలోనూ పట్టవు. ఒక్క ఊరు తీసుకోండి. నేను తీసుకునేది మిఖ్న్యూఫ్. మధ్య పోలండ్‌లో, కీల్త్సె పట్టణానికి ఈశాన్యంగా, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. దీన్నే ఎందుకంటే, అక్కడ జరిగింది రెండు రోజుల కథ. ఎందుకు మొదలైందో చెప్పొచ్చు, మధ్యలో ఒక మలుపు ఉంది, ఆ మలుపు దగ్గర పిల్లలు తప్పకుండా గొడవపడతారు. పోలండ్‌లో ఇప్పుడు పల్లెల స్మారక మ్యూజియం ఉన్నదీ అక్కడే. 2018 నుంచి దేశమంతా జులై 12ని ఆ పల్లెల పేరిట తలుచుకుంటున్నదీ ఈ ఊరి తేదీని బట్టే.

పేర్లు చూసి జడుసుకోకండి. ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే నోరు తిరగని పోలిష్ పేర్లు తెలుగులో రాస్తే తిన్నగా పలుకుతాయి. పోలిష్‌లో చివర 'వ' లాగా కనిపించే అక్షరం 'ఫ్' అవుతుందనీ, నెత్తిన గీత ఉన్న 'ఓ'ని 'ఊ' అంటారనీ తెలిస్తే సగం పని అయినట్టే. మిఖ్న్యూఫ్, జామోష్చ్, స్క్యెర్బ్యెషూఫ్. మా పిల్లలు మూడో పేరుని పొడుపుకథలా పోటీపడి చెప్తారు.

మ్యాపు దగ్గర మా ఊరి సంగతే వాడతాను. కందుకూరు ఒకప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు, ఆఫీసు మారిందంతే. పోలండ్‌కి 1939లో అదే జరిగింది, కాకపోతే తుపాకులతో. సెప్టెంబర్ 1న పడమటి నుంచి జర్మనీ, 17న తూర్పు నుంచి సోవియట్ యూనియన్ వచ్చిపడ్డాయి. జర్మనీ చేతికి చిక్కిన దాంట్లో కొంత నేరుగా జర్మనీలో కలిపేసుకున్నారు. మిగతాదానికి 'జనరల్ గవర్నమెంట్' అని పేరు పెట్టి, క్రకూఫ్ కోటలో హాన్స్ ఫ్రాంక్ అనే లాయర్ని కూర్చోబెట్టారు. మిఖ్న్యూఫ్ ఈ రెండో ముక్కలో ఉంది. ఈ మూడు ముక్కలు బోర్డు మీద గీస్తే చాలు, ఇంతకు మించి మ్యాపు మీద టైం తగలెయ్యకండి.

మొదటి పీరియడ్: తిరగలి

చంపడంతో మొదలుపెట్టకండి. తిండితో మొదలుపెట్టండి.

మా స్కూలు ప్రహరీ అవతల ఒక అవ్వ ఉంటుంది. కందులు పగలేసే తిరగలి ఆమె దగ్గర ఇంకా ఉంది. ఇద్దరు పిల్లల్ని పంపి, పాత గోనెసంచి మీద దాన్ని క్లాసులోకి తెప్పిస్తాను. బల్ల మీద పెట్టకండి, కింద నేల మీదే పెట్టండి, అందరూ చుట్టూ చేరతారు. గుప్పెడు కందులు పోసి ఒక పిల్ల చేత తిప్పించండి. ఆ గరగర శబ్దం వినిపించాక అడుగుతాను. "ఇది మీ ఇంట్లో ఉంటే నేరమా?"

అందరూ నవ్వుతారు.

జర్మన్ల కింద ఉన్న పోలండ్ పల్లెల్లో నేరమే. వాళ్లకూ ఇలాంటి తిరగలే ఉండేది. రెండు గుండ్రటి రాళ్లు, తిప్పడానికి ఒక కర్ర. రై అనే ధాన్యం, గోధుమ విసురుకునేవాళ్లు. పండిన ధాన్యంలో ఇంత, పాలలో ఇంత, మాంసంలో ఇంత అని జర్మన్లు ప్రతి రైతుకీ వాటా విధించారు. ఇంట్లో తిరగలి ఉంటే ఆ వాటా ఎగ్గొట్టి గుట్టుగా పిండి చేసుకుంటారని దాన్ని నిషేధించారు. రైతులు దాచుకుని, రాత్రిపూట చప్పుడు బయటికి రాకుండా విసురుకునేవాళ్లు. ఇది చెప్పగానే, ఆ పిల్ల చెయ్యి తిరగలి మీద ఆగిపోతుంది. ప్రతి ఏడాదీ ఆగుతుంది. ఆ ఆగడం కోసమే ఇంత బరువు మోయించేది.

తర్వాత చెవి ట్యాగు. మన ఆవులకీ గేదెలకీ చెవికి పసుపు ట్యాగు ఉంటుందని పిల్లలందరికీ తెలుసు. దాని మీద నంబర్ చూసి డాక్టరు టీకా రాసుకుంటాడు, ఇన్సూరెన్స్ వస్తుంది. పోలండ్‌లో కూడా జర్మన్లు ఆవులకీ పందులకీ చెవులకు నంబర్లు వేశారు, కాకపోతే లెక్క తప్పకుండా లాక్కోవడానికి. తన పందిని తాను చెప్పకుండా కోసుకుంటే నిర్బంధ క్యాంపుకి పంపొచ్చు, ప్రాణమే తీయొచ్చు. "మా పందిని మేం కోసుకుంటే వాడికేంది?" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. ఆక్రమణ అంటే ఏమిటో నిర్వచనం చెప్పక్కర్లేకుండా వాళ్లకే అర్థమైపోయింది.

ఇక ఊరి పెద్ద. పోలిష్‌లో సోవ్‌తిస్ అంటారు. మన పాత రోజుల్లో గ్రామ మునసబు లాంటివాడనుకోండి. వాటా వసూలు కాకపోతే అతణ్ణి పట్టుకుంటారు. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే అతను కబురు పెట్టాలి. రైలు పట్టాలకు, రోడ్లకు ఊరివాళ్లే వంతులవారీగా కాపలా కాయాలి. తేడా వస్తే ముందుగా రాసిపెట్టుకున్న బందీల్ని చంపుతారు. అంటే పక్కింటివాడు చేసిన పనికి నువ్వు జవాబుదారీ. పాఠానికి ఇరుసు ఇదే. ఊళ్లు తగలబెట్టిన సంగతి దీని మీదే తిరుగుతుంది.

ఇక్కడ మీ క్లాసులో కూడా ఏదో ఒక ఏడాది నాకు తగిలిన దెబ్బ తగులుతుంది. "ఒకడు చేస్తే అందరికీ శిక్షా, అన్యాయం కదా" అని నేను అనగానే మొదటి బెంచీ అమ్మాయి మెల్లగా, "మొన్న విజిల్ ఎవరేసినారో చెప్పలేదని క్లాసంతా నిలబెట్టినారు కదా టీచర్" అంది. మొహం ఎర్రబడింది నాకు. దబాయించకండి. "అవును, నిలబెట్టాను. తప్పే" అని ఒప్పుకోండి. ఒప్పుకున్నాక, నిలబెట్టడానికీ ఊరు కాల్చడానికీ ఎంత దూరం ఉందో కూడా చెప్పండి. లేకపోతే ఇంటికెళ్లి మా టీచర్ హిట్లర్ అని చెప్తారు. చెప్పారు కూడా.

'ప్రతీకారం' అన్న మాటని జాగ్రత్తగా వాడండి. మన చెవికి పగ అంటే కడుపుమంట, ఆవేశం. ఇక్కడ జరిగింది ఆఫీసు పని. లారీలు ఎన్ని, పోలీసులు ఎందరు, తెల్లవారుజామున ఏ దిక్కు నుంచి ఊరిని చుట్టాలి, అన్నీ కాగితం మీద ఉండేవి. ఊరిని తగలబెట్టడానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? శాంతింపజేయడం. పోలిష్ వాళ్లు ఈరోజుకీ ఆ సంఘటనల్ని అదే మాటతో, పాత్సిఫికాత్స్యా అనే అంటారు. ఈ మాట బోర్డు మీద రాసి, కింద ఏమీ రాయకుండా పీరియడ్ ముగించండి.

రెండో పీరియడ్: ఆ రెండు రోజులు

ఈ పీరియడ్‌కి సుద్దముక్క కూడా వద్దు. పుస్తకాలు మూయించి, కథ చెప్పినట్టు చెప్పండి. గొంతు పెంచొద్దు, వణికించొద్దు. నేను చెప్పేది ఇంచుమించు ఇలా ఉంటుంది.

మిఖ్న్యూఫ్ పక్క అడవుల్లో పార్టిజాన్లు ఉండేవాళ్లు. అంటే జర్మన్ల మీద దొంగచాటుగా పోరాడే దళం. వాళ్ల నాయకుడు యాన్ పివ్నిక్, మారుపేరు 'పొనూరి'. ఊరివాళ్లు వాళ్లకు తిండి పెట్టారు, కబుర్లు చేరవేశారు, కొందరు దళంలో కలిశారు. ఆ దళంలోనే గెస్టపోకి, అంటే జర్మన్ రహస్య పోలీసులకి, అమ్ముడుపోయినవాడు ఒకడున్నాడు. 1943 జులై 12. పొలాల్లో పంట కోతకు వస్తున్న రోజులు. తెల్లారేసరికి జర్మన్ పోలీసులు ఊరిని చుట్టేశారు. ఆ రోజు చనిపోయింది సుమారు నూరుమంది, దాదాపు అందరూ మగవాళ్లే. చాలామందిని గడ్డి, ధాన్యం దాచుకునే కొట్టాల్లో పెట్టి తాళం వేసి నిప్పంటించారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే నేను చేసిన పెద్ద తప్పు ఈ కొట్టం దగ్గరే. ఒక ఏడాది పిల్లలకు కళ్లకు కట్టాలని, "మన పొగాకు బ్యారన్ లాంటిదనుకోండి" అన్నాను. బ్యారన్ అంటే పొగాకు ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు, నేను బ్రహ్మాండంగా చెప్పాననుకున్నాను. నాలుగు రోజులకు ఒకమ్మాయి నాన్న స్కూలుకొచ్చాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు పొగాకు జిగురు ఇంకా ఉంది. కోపంగా ఏం లేడు. "ఏం చెప్పినావమ్మా టీచరమ్మా, పిల్ల బ్యారన్ కాడికి రానంటా ఉంది. రాత్రిపూట నాకు అన్నం తెచ్చేది అదే" అన్నాడు. ఏం చెప్పను? సాయంత్రం వాళ్ల బ్యారన్ దాకా నడిచివెళ్లి, ఆ పిల్లతో పాటు గుమ్మం దగ్గర కూర్చుని, కర్రలకు ఆకు కట్టడం నేర్పించమన్నాను. మూడోరోజుకి మామూలైంది. అప్పట్నుంచీ ఆ పోలిక తీసేశాను. ఇప్పుడు చెప్పేది ఇంతే: చెక్క గోడలు, గడ్డి కప్పు, పెద్ద తలుపు. తిరగలి ఇంట్లోది కాబట్టి తెచ్చాం, అది ఎవర్నీ భయపెట్టదు. చావు జరిగిన చోటుని మాత్రం పిల్లల ఇంటికి తీసుకెళ్లకూడదు.

మళ్లీ కథలోకి. ఆ రాత్రి పొనూరి దళం ఊరి కోసం కసి తీర్చుకుంది. దగ్గర్లో క్రకూఫ్ నుంచి వార్సా వెళ్లే రైలుని ఆపి, అందులోని జర్మన్ల మీద దాడి చేసింది. పెట్టెల మీద 'మిఖ్న్యూఫ్ కోసం' అని రాసిపెట్టారు. మర్నాడు, జులై 13న, జర్మన్లు మళ్లీ వచ్చారు. ఈసారి మగా ఆడా చూడలేదు, పిల్లల్ని చూడలేదు. దొరికినవాళ్లని దొరికినట్టు చంపి ఊరంతా కాల్చారు. రెండు రోజుల్లో చనిపోయింది 204 మంది. మగవాళ్లు 102, ఆడవాళ్లు 54, పిల్లలు 48. అందరికంటే చిన్న బిడ్డకు తొమ్మిది రోజులు. ఊరు మళ్లీ కట్టకూడదని, ఆ నేల దున్నకూడదని ఆర్డర్ వేశారు.

అంతే చెప్పి ఊరుకోండి. 204కి పోలిక వెతకొద్దు. మా స్కూలు స్ట్రెంగ్త్ దాదాపు అంతే, ప్రేయర్‌లో నిలబడ్డప్పుడు నా కళ్లు వాటంతటవే లెక్కపెడతాయి. ఆ మాట పిల్లలతో ఎప్పుడూ అనలేదు. మర్నాడు పొద్దున ప్రేయర్‌లో వెనక్కి తిరిగి వరసలు లెక్కపెట్టుకునే పిల్లాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. వాడికి వాడే కనుక్కోనివ్వండి.

ఫోటోలు చూపించాలా అంటారా? శవాల ఫోటోలు వద్దు. ఆ ఊళ్లో 2021లో తెరిచిన మ్యూజియం భవనం ఫోటో చూపించండి. పొడుగాటి కాంక్రీటు ఇల్లు అది. ఒక కొసన గోడలూ కప్పూ సలక్షణంగా ఉంటాయి. పోనుపోను పగుళ్లు, ఆ తర్వాత సందులు, చివరి కొసకి వచ్చేసరికి కాలిపోయిన ఇంటి అస్థిపంజరం లాగా ఆకాశం కనిపిస్తుంది. ఫోన్లో ఒక్క ఫోటో చాలు, చేతులు మారుతూ తిరుగుతుంది. మీకు మాట్లాడే పని తప్పుతుంది.

పిల్లలు అడిగేవి

సగం పీరియడ్ వీటికే ఉంచుకోండి. ప్రశ్నలు ఇంచుమించు ప్రతి ఏడాదీ ఒకటే.

"రాత్రికి రాత్రి అడివిలోకి ఎందుకు పారిపోలా టీచర్?" చాలామంది పారిపోయారు. ఉండిపోయినవాళ్లు ఎందుకుండిపోయారని తిరిగి వాళ్లనే అడగండి. "చనిపోయినోళ్లని వదిలేసి ఎట్టా పోతారు", "ఈనే గేదె ఉంటే?", "జేజి నడవలేకపోతే?" అని వాళ్లే చెప్తారు. పల్లె పిల్లలకు పల్లె మనిషి ఎందుకు కదల్లేడో మనం నేర్పక్కర్లేదు.

"పార్టిజాన్లు రైలు మీద పడకపోతే రెండో రోజు ఊరు బతికేదా?" ఇదే నేను ముందు చెప్పిన మలుపు. క్లాసు రెండుగా చీలుతుంది. తొందరపడి తీర్పు చెప్పకండి. మొదటి రోజు నూరుమందిని చంపినప్పుడు రైలు దాడి ఇంకా జరగనే లేదని గుర్తుచేయండి. పసిబిడ్డని చంపిన పాపం చంపినవాడిదే, రైలు ఆపినవాడిది కాదు. అయితే ఈ ప్రశ్నతో పోలండ్ వాళ్లు కూడా అప్పుడే కుస్తీపట్టారని చెప్పండి. 1940లో హెన్రిక్ దొబ్జాన్‌స్కీ అనే మేజర్, మారుపేరు 'హుబాల్', యూనిఫాం విప్పనని పట్టుబట్టి అడవిలో దళం నడిపాడు. దానికి శిక్షగా జర్మన్లు చుట్టుపక్కల పల్లెల్లో సుమారు 700 మందిని చంపారు. స్క్వోబీ అన్న ఒక్క ఊళ్లోనే 200 మందికి పైగా మగవాళ్లు పోయారు. జనం చచ్చిపోతారన్న భయంతో పోలిష్ రహస్య సైన్యం పెద్దలు అంతకుముందే దళం రద్దు చేయమని ఆర్డరిచ్చారు. ఆయన వినలేదు. ఈరోజు ఆయన పోలండ్‌లో హీరో. పెద్దల ఆర్డరూ నిజమే. రెండూ చెప్పి వదిలేయండి. నాకు మాత్రం ఆ పెద్దల మాటే సబబనిపిస్తుంది. అది నా అభిప్రాయం అని చెప్పే చెప్తాను.

"అసలేం చెయ్యని ఊళ్లని కూడా కాల్చినారా?" కాల్చారు. 1939 డిసెంబర్‌లో వార్సా పక్కన వావెర్‌లో ఇద్దరు జర్మన్ సైనికుల్ని ఇద్దరు నేరగాళ్లు చంపి పారిపోతే, ఏ సంబంధం లేని 107 మంది ప్రాణాలు తీశారు. జామోష్చ్ ప్రాంతంలో శిక్షకు సాకు కూడా అక్కర్లేకపోయింది, నేల కావాలి. నా వెనక బెంచీ కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 1942 నవంబర్ చివర్లో స్క్యెర్బ్యెషూఫ్‌తో మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆగస్టుకల్లా దాదాపు 300 పల్లెల నుంచి సుమారు 1,10,000 మందిని వెళ్లగొట్టారు. అందులో 30,000 మంది పిల్లలు. క్యాంపులో వాళ్లను ధాన్యం జల్లెడ పట్టినట్టు పట్టారు. పనికొచ్చేవాళ్లని జర్మనీకి కూలికి, కొందరిని ఆష్‌విట్జ్ చావు క్యాంపుకి పంపారు. ముసలివాళ్లను, పిల్లల్ని చలికాలంలో వెచ్చదనం లేని రైలుపెట్టెల్లో ఎక్కించి ఎక్కడో దించేశారు. ఆ రైళ్లలో పిల్లలు ఉన్నారని తెలిసి వార్సా ఆడవాళ్లు స్టేషన్లకు పరుగెత్తారు, దొరికిన పిల్లల్ని దొరికినట్టు ఇంటికి తెచ్చుకుని సాకారు. ఖాళీ అయిన ఇళ్లలో వేరే చోట్ల నుంచి తెచ్చిన జర్మన్ కుటుంబాల్ని దించారు. అలా స్క్యెర్బ్యెషూఫ్‌లో దించిన ఒక ఇంట్లో 1943 ఫిబ్రవరిలో ఒక మగబిడ్డ పుట్టాడు. అతనే హోర్స్ట్ కోలర్, 2004లో జర్మనీ అధ్యక్షుడయ్యాడు. "ఆ బిడ్డ తప్పేముంది టీచర్?" అంటారు. ఏమీ లేదు. అడిగింది వాళ్లే కాబట్టి జవాబు కూడా వాళ్లకే వదిలేస్తాను.

ఎదురు తిరిగిన ఊళ్లకు మిఖ్న్యూఫ్ గతే పట్టింది. అదే జామోష్చ్ ప్రాంతంలో సోఖీ అనే ఊరిని 1943 జూన్ 1న నేల మీద నుంచి పోలీసులు, పైనుంచి విమానాలు కలిసి నాశనం చేశారు.

"యూదులు యాడున్నారు?" ఎవరూ అడక్కపోతే మీరే ఎత్తండి. 1943 వచ్చేసరికి ఈ పల్లెల్లోని యూదుల్లో ఎక్కువమందిని అప్పటికే చంపేశారు. వాళ్లను దాచినవాళ్లకు మరణశిక్ష అని 1941 అక్టోబర్లో ఫ్రాంక్ ఆర్డర్ ఉంది. మార్కోవా అనే ఊళ్లో యూజెఫ్ ఉల్మా అనే రైతు ఉండేవాడు. పండ్లచెట్లు పెంచేవాడు, ఫోటోలు తీసేవాడు. ఎనిమిది మంది యూదుల్ని ఇంట్లో దాచాడు. 1944 మార్చి 24న ఆ ఎనిమిది మందినీ, అతన్నీ, గర్భంతో ఉన్న భార్య విక్తోరియానీ, వాళ్ల ఆరుగురు పిల్లల్నీ చంపారు. కబురు చేరవేసింది స్థానిక పోలిష్ పోలీసేనని చరిత్రకారుల నమ్మకం. ఈ చివరి వాక్యం మింగేయకండి. దాచినవాళ్లూ ఉన్నారు, పట్టించినవాళ్లూ ఉన్నారు, తలుపులు మూసుకున్నవాళ్లూ ఉన్నారు. ఊరంతా దేవుళ్లని చెప్తే పిల్లలు నమ్మరు. వాళ్లూ ఊళ్లోనే పుట్టారు.

"శిక్ష పడిందా?" ఫ్రాంక్‌ని 1946లో న్యూరెంబర్గ్‌లో ఉరి తీశారు. మార్కోవాలో కాల్చమన్న జర్మన్ అధికారి యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో పోలీసు ఉద్యోగమే చేసుకుంటూ 1960లో పోయాడు, విచారణ కూడా జరగలేదు. అక్కడే తుపాకీ పేల్చిన ఇంకొకడికి 1958లో పోలండ్‌లో మరణశిక్ష పడింది, తర్వాత అది జైలుగా మారింది. క్లాసులో గట్టిగా నిట్టూర్పు వినిపించేది ఇక్కడే. అప్పుడు చట్టం లేకనా అంటే, ఉంది. ఎవరో చేసినదానికి ఊరందరికీ శిక్ష వేయకూడదని యుద్ధ నియమాలు పెట్టిన 1907 హేగ్ ఒప్పందంలోనే రాసుంది. 1949 జెనీవా ఒప్పందంలో ఇంకా స్పష్టంగా రాశారు.

కలపకూడనివి, రెండు ముక్కల్లో

కాటిన్, ఖతిన్ వేరు. కాటిన్‌లో 1940లో పోలిష్ అధికారుల్ని చంపింది సోవియట్ రహస్య పోలీసులు. ఖతిన్ బెలారస్‌లోని పల్లె, 1943 మార్చిలో జర్మన్ల పక్షాన ఉన్న దళాలు కాల్చేశాయి. గుజరాత్‌లో బాలాచడీ దగ్గర నవానగర్ జాంసాహెబ్ పోలిష్ పిల్లల్ని చేరదీశాడని మీ ఫోన్లో వీడియో వచ్చే ఉంటుంది. నిజమే, మంచి కథే. కానీ ఆ పిల్లల్ని ఇళ్లలోంచి లాగి సైబీరియా వైపు తోలింది సోవియట్లు. ఈ పాఠంలో ఇరికిస్తే జర్మన్ల ఖాతాలోకి పోతుంది. ఇంకో రోజు చెప్పుకోండి. 1942 క్విట్ ఇండియా రోజుల్లో మన దగ్గర పట్టాలు పీకిన చోట బ్రిటిష్‌వాళ్లు ఊళ్ల మీద సామూహిక జరిమానాలు వేశారు, దాన్ని ఒక వాక్యంలో గుర్తుచేయొచ్చు. అదీ ఇదీ ఒకటేనని మాత్రం అనకండి. జరిమానా కట్టిన ఊరు మర్నాడు కూడా ఉంది.

హోంవర్క్

వ్యాసం రాయించొద్దు. రాయిస్తే 'హిట్లర్ క్రూరుడు, మనం శాంతిగా ఉండాలి' అని నలభై నోట్‌బుక్కుల్లో ఒకే వాక్యం వస్తుంది. దిద్దలేక మనమే చస్తాం. నేనిచ్చే పని ఒకటే. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, ఇప్పుడు వాడకంలో లేని ఇంటి సామాను ఒకటి కనుక్కుని, అది ఎక్కడ పెట్టేవాళ్లో ఒక లైను రాసుకురమ్మంటాను. పోలండ్ ఊసెత్తను.

తిరగలి వెనక్కి ఇచ్చేటప్పుడు రెండు రాళ్లూ విడిగా మోయించండి, పిడి ఊడకుండా చూసుకోండి. పోయినేడు నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. అవ్వ గుమ్మంలో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. మోసుకొచ్చిన పిల్లాడు రాయి కింద పెట్టి ఆమెకు మొత్తం చెప్పేశాడు. ఇది ఇంట్లో ఉంటే పట్టుకుపొయ్యేవాళ్లంట అవ్వా, వాళ్లు దాచిపెట్టుకునేవాళ్లంట, ఇంత బరువుది యాడ దాస్తారు అని. అవ్వ చాట ఆపలేదు.

"పిడకల గూట్లో పెట్టి పైన నాలుగు పిడకలు పేరిస్తే ఏ నాయాలు చూస్తాడురా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "చప్పుడొకటే గదమ్మా దాయలేంది" అని, పై రాయిని సర్ది గుప్పెడు కందులు పోసింది.